చెక్క నేల మీది పిల్ల

ఇస్క్రా తొలి అడుగులు వేసిందని ఆదివారం మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్న నలభై మందీ కేరానా వాకిట్లో చేరారు. నిజానికి ఆ పిల్ల అడుగులు వేసి మూడు వారాలయింది. అయితే రొట్టె చేసి, దొర్లించి, పిల్లని దాని వెంట నడిపించేదాకా అవి అడుగుల లెక్కలోకి రావని ఆ కొండ ఊళ్లలో ముసలమ్మల పట్టుదల. పట్టుదలంటే కేరానాది మరీ పట్టుదల. తెల్లారకముందే లేచి, కోడలిని పిండి ముట్టుకోనివ్వకుండా తనే పిసికి, బండి చక్రమంత రొట్టె కాల్చింది. డెబ్బై ఏళ్ల మనిషి.

"మేడ మీద గదిలో చేద్దామే, ఇక్కడ ఎండ" అని ఆవిడ రెండుసార్లు అంది. ఎవరూ వినలేదు. ఇంతమంది ఆ గదిలో పడతారా ఏమన్నా? వాకిట్లోనే మట్టి మీద పొడుగ్గా తెల్లబట్ట పరిచారు. దాని చివర పీట వేసి, వచ్చినవాళ్లు తలా ఒకటీ పెట్టారు: కత్తెర, గరిటె, దువ్వెన, పెన్సిలు, అద్దం. పిల్ల దేన్ని పట్టుకుంటే పెద్దయ్యాక ఆ పని చేస్తుందని. నర్సు దోబ్రినా తన సంచిలోంచి జ్వరం చూసే గొట్టం తీసి పెట్టింది.

"పట్టుకోవే తల్లీ, పట్టుకో. నా మోకాళ్లు ఎలాగూ అయిపోయాయి. నా బదులు నువ్వెక్కుదువు ఈ కొండలు" అంది. అందరూ నవ్వారు. దోబ్రినా ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. అక్కడ నవ్వుతున్న వాళ్లలో సగం మందిని పుట్టగానే తూకం వేసిన చెయ్యి ఆవిడది.

కేరానా రొట్టెని దొర్లించింది. ఇస్క్రా దాని వెంట నాలుగడుగులు బాగానే వేసింది. ఐదో అడుగుకి రొట్టె ఓ పక్కకి పడిపోయింది, పిల్ల బట్ట అంచు దగ్గర కూలబడింది. అంచుకున్న కుచ్చులు కనిపించాయి. ఇంక రొట్టె ఎవరిక్కావాలి?

"ఇస్క్రా! ఇటు, ఇస్క్రా!" అని వెనకనుంచి ఊరు ఊరంతా అరిచింది. చప్పట్లు కొట్టింది. పిల్ల ఒక్కో కుచ్చూ విడదీసి చూసుకుంటోంది. ఈ హడావుడిలో ఎవరి మోచెయ్యో తగిలి, గోడ మీద పెట్టిన పెద్ద రాగి పళ్లెం రాతి మెట్ల మీద పడింది. ఆ మోతకి కోళ్లు ఎగిరి పారిపోయాయి. కుక్క మొరిగింది. పొరుగింటావిడ చేతిలో గ్లాసు వదిలేసి "ఓరి దేవుడా" అని గుండెలు పట్టుకుంది.

పళ్లెం పడింది పిల్లకి మూడు గజాల వెనక. పిల్ల తల తిప్పలేదు. భుజమైనా అదరలేదు. కుచ్చుల్లో నాలుగోది విడదీస్తోంది.

దోబ్రినాకి గుండె గుభేలుమంది. ఎందుకో తలెత్తి చూసింది. వాకిట్లో అందరూ పళ్లెంకేసి చూస్తుంటే, కేరానా మాత్రం పళ్లేన్నీ చూడటం లేదు, పిల్లనీ చూడటం లేదు. దోబ్రినానే చూస్తోంది.

"చూశారా గుండె ధైర్యం!" అని ముసలావిడ వెంటనే గొంతు పెంచింది. "మా ఇంటి పిల్లా మజాకా? ఆకాశం విరిగి పడ్డా అదరదు!" పిల్లని చంకనేసుకుని గబగబా పీట ముందు దింపింది. పిల్ల గరిటె పట్టుకుంది. "వంటమనిషి, వంటమనిషి" అని ఒకటే గోల. రొట్టె విరిచి తేనె పూసి పంచారు. పిల్ల చురుగ్గా నడవాలని, ముక్క అందుకున్నవాళ్లు అందుకున్నట్టే వాకిట్లో పరుగులు తీశారు. దోబ్రినా కూడా ఆ మోకాళ్లతోనే నాలుగడుగులు పరిగెత్తింది. ముక్క నోట్లో పెట్టుకుంది గానీ మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్లీ ఆ ఇంటికొచ్చింది. ఈసారి కారులోంచి మందపాటి రబ్బరు చాప తీసి చంకన పెట్టుకుంది. కింద కొట్టం, పైన కాపురం, మధ్యలో నిటారుగా పద్దెనిమిది మెట్లు. చాప బరువు తక్కువే, కానీ చుట్టకి లొంగక మొహానికి అడ్డం పడుతుంది. ప్రతి మెట్టుకీ అది గోడకి రాసుకుంటుంటే దోబ్రినాకి తన మీద తనకే ఒళ్లు మండింది. ఈ చాప రెండేళ్లుగా ఆ కారులో ఉంది.

చంటిపిల్లల ఎదుగుదల చూడటానికి విదేశీ సంస్థ వాళ్లు పథకం పెట్టినప్పుడు ఒక్కో నర్సుకీ ఒక్కో పెట్టె ఇచ్చారు. అందులో తూకం, కొలతబద్ద, ఎర్రబంతి, చిన్న ఇత్తడి గంట, ఈ చాప. పిల్లని చాప మీద కూర్చోబెట్టాలి, కంటికి కనపడకుండా వెనకనుంచి గంట కొట్టాలి, తల తిప్పితే 'వింటోంది' అన్న గడిలో టిక్కు పెట్టాలి. నాలుగో నెలలో ఒకసారి, ఎనిమిదిలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి. ఇస్క్రా కాగితం మీద మూడు టిక్కులూ దోబ్రినా చేతివే. మూడుసార్లూ చాప మాత్రం కారులోనే ఉండిపోయింది. పద్దెనిమిది మెట్లు, పాడు మోకాళ్లు. చాప లేకపోతే ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది.

స్మిలెనా తలుపు తీసింది. ఇరవై మూడేళ్ల పిల్ల. మొగుడు ప్లామెన్ ఇంగ్లండులో తోటపనికి పోయి వసంతం నుంచి అక్కడే ఉన్నాడు. పిల్ల పుట్టకముందు రెండు వేసవులు ఆమె కూడా అతనితో వెళ్లి స్ట్రాబెర్రీలు కోసింది. కడుపుతో ఉన్నానని తెలిశాక ఇంటికొచ్చేసింది.

"ఏంటి నర్సమ్మా, పొద్దున్నే? నిన్న రొట్టె అరగలేదా?"

"పిల్లని ఒక్కసారి చూసి పోతాను."

"ఇంకా ఏం చూస్తావే?" కేరానా పొయ్యి దగ్గరనుంచే అంది. "మొన్న నెలలోనేగా చూశావు. గురువారం ఆ పథకం దొరలొస్తున్నారని ఇల్లు కడుక్కుంటున్నాం. తర్వాత రా."

దోబ్రినా కిటికీ పక్కన చాప పరిచింది. పిల్లని దాని మధ్యలో కూర్చోబెట్టి చేతికి ఎర్రబంతి ఇచ్చింది. వెనక్కి వెళ్లి, బూట్లు విప్పేసి, మేజోళ్లతో నిలబడి గంట కొట్టింది. పిల్ల బంతిని నాకుతోంది. మళ్లీ కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. ఆఖరికి చెవి పక్కనే ఠంగున కొట్టింది. స్మిలెనా చేతిలోని తడిబట్టనుంచి నీళ్లు కారుతున్నాయి. పిల్ల బంతిని ఇటు తిప్పి అటువైపు నాకింది.

దోబ్రినా పిల్లని ఎత్తి చాప తీసేసింది. ఉత్త చెక్కల మీద కూర్చోబెట్టి వెనకనుంచి మళ్లీ గంట కొట్టింది. ఇస్క్రా చప్పున తల తిప్పి పొయ్యి వైపు చూసి నవ్వింది.

గంట ఉన్నది కిటికీ దగ్గర. పిల్ల చూసింది పొయ్యి వైపు. అక్కడ కేరానా నిలబడి ఉంది, కాలికి చెక్కజోడుతో.

"అవ్వా" అంది దోబ్రినా. "ఆ కాలు కదపకుండా నిలబడు."

కేరానా కదపలేదు. దోబ్రినా గంట కొట్టింది. పిల్ల తిరగలేదు. కేరానా ఆమెని చూస్తూ చూస్తూ, దాచటం మానేసి, మడమ ఎత్తి నేలకేసి ఒక్క పోటు పొడిచింది. చెక్కలు అదిరాయి. పిల్ల మళ్లీ తిరిగి నవ్వింది.

"మూడుసార్లూ ఇలాగేనా?"

"ముప్ఫై సార్లడిగినా ఇలాగే" అంది కేరానా.

స్మిలెనా గోడకి జారగిలబడిపోయింది. "అత్తా, మాట ఆలస్యమన్నావు కదా. వాళ్ల నాన్నా మూడో ఏటిదాకా మాట్లాడలేదన్నావు కదా."

"నువ్వు అడిగావా నన్ను? అది నీకేసి తిరగట్లేదని నీకూ తెలుసు. తెలిసే అడగలేదు."

స్మిలెనా చేతిలోని తడిబట్ట మడతలు పెట్టింది. ఆ మాట నిజమే కాబోలు. దోబ్రినా పిల్లని ఒళ్లోకి తీసుకుని నేల మీదే కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చెప్పాల్సిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పట్నంలో చెవుల ఆసుపత్రి ఉంది. ఇంత చిన్నప్పుడే యంత్రం పెడితే పిల్లలు వింటారు, మాట్లాడతారు, మామూలు బళ్లో చదువుతారు. ప్రతి నెలా విలువైనదే. పథకం ద్వారా పంపితే వారంలో చూస్తారు. కానీ ఆ పథకం ఈ నెలాఖరుతో సరి. ఆ తర్వాత అందరితోపాటు వరసలో నిలబడితే ఎనిమిది నెలలు. తల్లి సంతకం ఒకటి, పథకం ఆఫీసు నడిపే రొసిత్సా సంతకం ఒకటి. అంతే కావలసింది.

"సరిగ్గా ఇలాగే చెప్పింది" అంది కేరానా.

"ఎవరు?"

"అప్పటి నర్సు. నీకు ముందున్నది. ఇదే తెల్లకోటు, ఇదే తియ్యటి గొంతు. నా స్టామెన్‌కి నాలుగేళ్లు. పట్నంలో చెవిటి పిల్లల బడి, అక్కడే ఉంచుకుంటాం, మాటలు నేర్పిస్తాం అంది. ఏడాదికి రెండుసార్లు పంపేవాళ్లు. మూడో ఏడు బస్సు దిగి, నేను దగ్గరికెళ్తే ఆ ఆయా వెనక దాక్కున్నాడు. నన్ను చూసి! నా కొడుకు!" ఆవిడ పొయ్యిలో కట్టె తోసింది. అవసరం లేకపోయినా ఇంకోటి తోసింది. "దీని నాన్నకి అన్న వాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో ప్లామెన్‌కే తెలీదు. ఇంక నాకేం తెలుస్తుంది? దీన్ని పంపను. అది నా కాలి చప్పుడు పోల్చుకుంటుంది. నాకది చాలు."

"ఇప్పుడు ఎవరూ తీసుకుపోరు అవ్వా. తల్లి దగ్గరే ఉంటుంది. నా మాట నమ్ము."

"నీ మాటా? మూడుసార్లు వింటోందని రాసింది నువ్వేగా?"

దోబ్రినాకి చెంప మీద కొట్టినట్టయింది. స్మిలెనాకేసి చూసింది. స్మిలెనా కళ్లు నేల మీదే ఉన్నాయి. "గురువారం వాళ్లని వచ్చిపోనివ్వు నర్సమ్మా. ఇంట్లో ఇంత గొడవ... నేను ఆయనకి ఫోన్ చెయ్యాలి. ఇప్పుడు సంతకం అంటే నా వల్ల కాదు" అంది. దోబ్రినా బూట్లు తొడుక్కుంది. దిగేటప్పుడు చాప మరింత బరువైంది.

పథకం ఆఫీసు కింద టౌన్లో, పురపాలక భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. మంగళవారం దోబ్రినా అక్కడికీ ఎక్కింది. రొసిత్సా బల్ల నిండా గురువారం తాలూకు కాగితాలే. వచ్చేవాళ్ల కార్లు, భోజనం, ఏ ఇంటికి ముందు, ఏ ఇంటికి తర్వాత. నలభై ఏళ్లావిడ. చెడ్డదని చెప్పలేం. నిద్ర చాలక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"కూర్చోండి దోబ్రినాగారూ. ఇస్క్రా వాళ్లింటికే ఆఖరున తీసుకెళ్తున్నాను. మొహంలో మొహం పెట్టి చూస్తుంది కదా ఆ పిల్ల, వాళ్లకి భలే నచ్చుతుంది. ఫొటో చూసే పడిపోయారు."

"అది మొహాలు అలా ఎందుకు చూస్తుందో నిన్న తెలిసింది" అని దోబ్రినా మొత్తం చెప్పింది. చాప సంగతి కూడా చెప్పింది.

రొసిత్సా కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. "మీ చేత్తో మూడుసార్లు రాశారు. ఇప్పుడు కాదంటారు. అప్పుడు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? మిగతా రెండు వందల పదకొండు మంది సంగతేంటని. ఆ కాగితాలు మాత్రం ఎలా నమ్మాలని."

"నమ్మకూడదు. నేను చాప ఎక్కించని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అన్నీ మళ్లీ చూస్తాను."

"ఎప్పుడు చూస్తారండీ? ఏ జీతం మీద, ఏ కారులో? గురువారం వాళ్లు తృప్తిపడి వెళ్తే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. లేదా, ఒకటో తారీఖునుంచి పద్నాలుగు ఊళ్లకి నర్సే ఉండదు. మీరూ ఉండరు, తప్పు రాసేవాళ్లూ ఉండరు, ఒప్పు రాసేవాళ్లూ ఉండరు. అప్పుడు ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు, మీరే చెప్పండి?"

రొసిత్సా చెప్పేది అబద్ధమైతే దోబ్రినా తిట్టి వచ్చేసేది. అది నిజం.

"గురువారం గడవనివ్వండి" అంది రొసిత్సా మెల్లగా. "శుక్రవారం నేనే సంతకం పెడతాను. ఒట్టు. మళ్లీ చూస్తే తేలిందని రాద్దాం."

"మూడురోజులే కదా" అంది దోబ్రినా. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ మూడురోజులే అనుకుంటూ దిగింది. పదమూడు నెలలు పోయాక మూడురోజులదేముంది? అలా అనుకుంటేనే నడవగలిగింది. శుక్రవారానికి రొసిత్సా దగ్గర ఇంకో కారణం ఉంటుందని కూడా ఆమెకి తెలుసు. పొడిగించే కాగితం చేతికొచ్చేదాకా ఎవరూ తప్పు ఒప్పుకోరు. ఆ కాగితం రావటానికి నెల పడుతుంది.

గురువారం పదకొండింటికి రెండు కార్లొచ్చాయి. పొడుగాటి మనిషొకడు, జుట్టు నెరిసిన ఆడమనిషొకామె, చుట్టూ ఆఫీసువాళ్లు. కేరానా పెళ్లిళ్లకి దాచుకునే రుమాలు కట్టుకుంది. గది నిండా బానిత్సా కమ్మటి వాసన. జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన ఆ రొట్టెని స్మిలెనా ముక్కలు కోసి పళ్లెంలో పెట్టింది. వచ్చినవాళ్లు మెట్ల దగ్గరే జోళ్లు విప్పుకుని, నవ్వుతూ, తల వంచి లోపలికొచ్చారు. మంచి మనుషులే. ఆ పెద్దావిడ ఏకంగా నేల మీద కూర్చుంది. ఇస్క్రా ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడి, ఆమె నోరు కదులుతుంటే రెప్ప వెయ్యకుండా చూసింది. ఆమె నవ్వితే తనూ నవ్వింది. కనుబొమలు ఎత్తితే తనూ ఎత్తింది.

"ఇంత శ్రద్ధగా చూసే పిల్లని ఎక్కడా చూడలేదంటున్నారు" అని రొసిత్సా వాళ్ల మాట చెప్పింది. కేరానా మొహం పొంగిపోయింది. దోబ్రినా కిటికీ బయట చూసింది.

పొడుగాటి మనిషి పుస్తకం తెరిచి ఏదో అడిగాడు. "నర్సుగారు ఎలా పరీక్ష చేస్తారో ఒక్కసారి చూపిస్తారా అంటున్నారు. గంట చాలు, అదొక్కటి చూపించండి" అంది రొసిత్సా. కళ్లతో ఇంకేదో అంది. కేరానా అప్పటికే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడింది, చెక్కజోడుతో.

దోబ్రినా గంట తీసింది. చేతిలో చిన్న చల్లటి వస్తువు. ఒక్కసారి కొడితే చాలు, ముసలావిడ తన పని చేస్తుంది, పిల్ల తిరుగుతుంది, వీళ్లు చప్పట్లు కొట్టి బానిత్సా తిని వెళ్లిపోతారు. పద్నాలుగు ఊళ్లు. ఇద్దరు ముగ్గురు కెమెరాలు సర్దుకుంటున్నారు. పిల్ల దోబ్రినా మొహంలోకి తొంగి చూసింది. ఏం చెయ్యబోతున్నావు అన్నట్టు కాదు, ఉత్తినే, అన్ని మొహాల్లోకీ చూసినట్టే. ఇంక దోబ్రినా వల్ల కాలేదు.

గంట మళ్లీ సంచిలో పడేసింది. "ఈ పిల్లకి వినపడదు" అంది. "చెక్కలు అదిరితే తిరుగుతుంది, అంతే. నేను చాప వెయ్యకుండా చూసి మూడుసార్లు తప్పు రాశాను. తప్పు నాది. దీన్ని ఈ నెలలోపు ఆసుపత్రికి పంపాలి."

రొసిత్సా ఎర్రబడింది, పాలిపోయింది, ఆపైన వచ్చినవాళ్ల వైపు తిరిగి వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పింది. దోబ్రినా ఊపిరి బిగబట్టింది. ఆ పొడుగాటి మనిషి అయ్యో అన్నట్టు నవ్వాడు. పెద్దావిడ పిల్ల బుగ్గ నిమిరి, ఫర్వాలేదు ఫర్వాలేదన్నట్టు తలూపింది. అతను పుస్తకం మూసేశాడు.

దోబ్రినాకి అర్థం కాలేదు. ఇంతేనా? ఇంత మాట చెబితే నవ్వుతారా? ఇంకోసారి చెప్పబోయింది. ఎవరికి చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. ముప్పయ్యొక్క ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ అంత ఒంటరిగా అనిపించలేదు.

బానిత్సా పళ్లెంతో స్మిలెనా గది మధ్యలో నిలబడిపోయి ఉంది. పళ్లెం నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. పెద్దావిడకేసి తిరిగి, తోటలో మేస్త్రీలకి బుట్టల లెక్క చెప్పేటప్పుడు మాట్లాడే ఆ నాలుగు ముక్కల ఇంగ్లిషులో, తప్పులతో, గట్టిగా ఏదో అంది. అని, చెయ్యెత్తి కూతురి చెవి చూపించింది. మళ్లీ రెండో చెవి చూపించింది.

పెద్దావిడ చెయ్యి పిల్ల బుగ్గ మీదే ఆగిపోయింది.

"ఏం చెప్పావు?" అంది దోబ్రినా.

"నువ్వు చెప్పిందే చెప్పాను నర్సమ్మా. ఈవిడ చెప్పింది వేరు. కొత్తవాళ్లని చూసి పిల్ల సిగ్గుపడుతోందట. నర్సుకి ఒంట్లో బాగోలేదట." స్మిలెనా రొసిత్సాని వేలెత్తి చూపింది. "మా అత్త అబద్ధమాడింది, పిల్ల మీద ప్రేమతో. నేను తెలిసీ అడగలేదు, భయంతో. ఈవిడ ఎందుకాడినట్టు?"

"పద్నాలుగు ఊళ్లమ్మా, స్మిలెనా" అంది రొసిత్సా.

"నాకున్నది ఒక్కత్తే." స్మిలెనా దోబ్రినాకేసి చెయ్యి చాచింది. "ఆ కాగితం ఉందా? ఎక్కడ పెట్టాలి?"

దోబ్రినా సోమవారంనుంచీ ఆ కాగితాన్ని సంచిలో మోస్తూనే ఉంది. స్మిలెనా బానిత్సా పళ్లెం పక్కన పెట్టి సంతకం చేసింది. అదే పెన్ను రొసిత్సా చేతిలో పెట్టింది. అందరూ చూస్తున్నారు. రొసిత్సా సంతకం పెట్టింది. కేరానా ఒక్క మాటా అనకుండా జోళ్లు టకటకలాడించుకుంటూ మెట్లు దిగి కొట్టంలోకి వెళ్లిపోయింది. పిల్ల మాత్రం ఆ అదురు ఆగేదాకా తలుపు వైపే చూసింది.

మరుసటి బుధవారం స్మిలెనా, పిల్ల, దోబ్రినా ముగ్గురూ పట్నం బస్సెక్కారు. కేరానా రాలేదు. ప్రయాణానికి రొట్టె మూటకట్టి గుమ్మంలో పెట్టింది గానీ, ఎవరితోనూ మాట్లాడలేదు. బస్సులో ఉండగా దోబ్రినాకి ఆఫీసునుంచి ఫోనొచ్చింది. పొడిగింపు లేదు. కాగితాలన్నీ తనిఖీ అయ్యాక ఆలోచిస్తారట. తనిఖీ ఎప్పుడో చెప్పలేదు. ఒకటో తారీఖు కల్లా కారు, పెట్టె అప్పజెప్పాలి.

"ఎవరు?" అంది స్మిలెనా.

"ఎవరూ కాదు" అంది దోబ్రినా. ఆ పద్నాలుగు ఊళ్లూ ఒకదాని తర్వాత ఒకటి కళ్లముందు తిరిగాయి. ఈ నెలలో నలుగురు పుట్టాలి. ఇద్దరు పైనెక్కడో ఆఖరి ఊళ్లో. తను చాప ఎక్కించని ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టింది, తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదింటికీ సొంత డబ్బుతో బస్సుల మీదైనా తిరగాలనుకుంది. అనుకుందే గానీ, ఆ మోకాళ్లతో ఎన్నింటికి వెళ్లగలదో ఆమెకే నమ్మకం లేదు.

ఆసుపత్రిలో పిల్లని నిద్రపుచ్చి తలకి తీగలు అంటించారు. గంటన్నర పట్టింది. డాక్టరు నడివయసు మనిషి, మాట కరుకు. గీతలున్న కాగితం చేతపట్టుకుని బయటికొచ్చాడు. రెండు చెవులకీ వినపడదన్నాడు. ముందు చెవి వెనక యంత్రాలు పెట్టి చూద్దాం, వాటితో చాలకపోతే ఆపరేషను అన్నాడు. మాటలొస్తాయా అని స్మిలెనా అడిగింది.

"రావచ్చు. కొన్ని. నాలుగో నెలలో తెచ్చుంటే ఇంత సందేహంగా చెప్పేవాణ్ణి కాదు." ఆయన కాగితం తిరగేశాడు. "పుట్టినప్పుడు చూడలేదా?"

"ఆ రోజు మిషను పనిచేయలేదన్నారు" అంది స్మిలెనా.

"తర్వాతైనా ఎవరో ఒకరు చూసే ఉంటారే. ఏడాది పైనైంది."

నడవాలో ఎవరిదో చెప్పుల చప్పుడు. దోబ్రినా లేచి నిలబడింది, బళ్లో పిల్లలా. "నేను చూశాను. మూడుసార్లు. వింటోందని రాశాను. నా పేరు దోబ్రినా..."

"పేరు నాకెందుకమ్మా?" అన్నాడు డాక్టరు. తిట్టనైనా తిట్టలేదు. "యంత్రం సరిపోవటానికి చెవి అచ్చు తియ్యాలి. పిల్లని గట్టిగా పట్టుకోవాలి, ఎవరు పడతారు?"

స్మిలెనా పిల్లని తీసి దోబ్రినా ఒళ్లో పెట్టింది. "ఈవిడ పట్టుకుంటుంది" అంది. అది క్షమించటమో, నువ్వే అనుభవించు అనటమో దోబ్రినాకి తెలియలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

డాక్టరు చల్లటి ముద్ద చెవిలో నింపేసరికి ఇస్క్రా ఒక్క కేక పెట్టింది. ఒళ్లంతా విల్లులా బిగుసుకుంది. దోబ్రినా ఆ తల తన గుండెకి అదుముకుని, "అయిపోయింది తల్లీ, అయిపోయింది, ఇదిగో అయిపోయింది" అంటూనే ఉంది. సూదులు వేసిన ప్రతి పిల్లకీ ముప్పయ్యొక్క ఏళ్లుగా చెప్పిన మాటలు. చెప్పగా చెప్పగా, ఇవి ఈ పిల్లకి చేరవన్న సంగతి తట్టి, నోరు అక్కడే ఆగిపోయింది. దీనికి ఎలా చెప్పాలి, ఇది కాసేపేనని, ఎవరూ వదిలేసి పోవటంలేదని?

పిల్ల ఏడుస్తూనే కళ్లు తిప్పి గదంతా వెతికింది. స్మిలెనా గోడ దగ్గర నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అది చూసి పిల్ల ఇంకా బెదిరిపోయింది.

"ఏడవకే!" అంది దోబ్రినా కసురుతున్నట్టు. "చేతులు తియ్యి. అది నీ మొహం చూస్తోంది. ఇలా దాని ఎదురుగా వచ్చి కూర్చో. నవ్వు."

"నవ్వలేను నర్సమ్మా."

"నవ్వాలి. నవ్వు."

స్మిలెనా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ముక్కు తుడుచుకుంది, పైట చెంగులా వేలాడుతున్న రుమాలుతో కళ్లొత్తుకుంది, బుగ్గల మీదనుంచి నీళ్లు ఇంకా కారుతుండగానే కూతురి మొహానికెదురుగా మొహం పెట్టి పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. పిల్ల వెక్కుతూ ఆ నవ్వుకేసి చూసింది. రెండో చెవికి ముద్ద కలుపుతున్నాడు డాక్టరు. ఇంకో ఐదు నిమిషాలు పడుతుందన్నాడు. స్మిలెనా ఆ ఐదు నిమిషాలూ నవ్వుతూనే ఉంది.